ఫార్మాట్ చేయించకండి, ముందు తమ్ముడికి ఫోన్ చేయండి

ప్రశ్న: మా తమ్ముడు దుబాయ్‌లో పనిచేస్తాడు. ఈమధ్య సెలవుకి వస్తూ, డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్న మా అబ్బాయికి కొత్త ల్యాప్‌టాప్ తెచ్చాడు. అక్కడే ఆన్ చేసి, తన మెయిల్ పెట్టి, మాకు నాలుగంకెల పిన్ చెప్పి వెళ్లాడు. ఇన్నాళ్లూ ఆ పిన్‌తోనే తెరుచుకునేది. పోయిన వారం ఏదో అప్‌డేట్ అయ్యాక, పిన్ పనిచేయదు, మళ్లీ పెట్టుకోండి అని వస్తోంది. అది నొక్కితే మా తమ్ముడి మెయిల్ చూపించి పాస్‌వర్డ్ అడుగుతోంది. తమ్ముడు చెప్పిన పాస్‌వర్డ్ కొడితే తప్పంటోంది. కోడ్ పంపిద్దామంటే అది వాడి పాత దుబాయ్ నంబరుకి వెళ్తోంది. కంపెనీ మారాక ఆ సిమ్ లేదు. షాపులో చూపిస్తే, అడ్మినిస్ట్రేటర్ పాస్‌వర్డ్ పోయింది, ఫార్మాట్ కొట్టాలి, విండోస్‌కి వేరే డబ్బులవుతాయి అన్నారు. పక్కింటి అబ్బాయి పెన్‌డ్రైవ్‌తో పాస్‌వర్డ్ తీసేస్తానంటున్నాడు. లోపల మా వాడి ప్రాజెక్టు, మా అమ్మాయి ఓణీల ఫంక్షన్ ఫోటోలు ఉన్నాయి. తమ్ముణ్ని మాటిమాటికీ అడగాలంటే మొహమాటంగా ఉంది. ఏం చేయమంటారు?
ఒక సోదరి, కోరుట్ల

సమాధానం: అమ్మా, మీ అబ్బాయి ప్రాజెక్టు, ఫోటోలు ఇప్పటికి ల్యాప్‌టాప్‌లోనే భద్రంగా ఉన్నాయి. పాస్‌వర్డ్ మరిచిపోయినంత మాత్రాన ఒక్క ఫైలు కూడా చెరగదు. ఆ తర్వాత కంగారులో చేసే పనులతోనే అవి పోతుంటాయి. అందుకని ఈ జవాబు మీ అబ్బాయిని పక్కన కూర్చోబెట్టుకుని పూర్తిగా చదివేదాకా ల్యాప్‌టాప్‌ని షాపుకు పంపకండి, పెన్‌డ్రైవ్ పెట్టనివ్వకండి. మీరు రాసిన వివరాలను బట్టి చూస్తే ఫార్మాట్ అవసరం లేకుండానే ఇది తెరుచుకునే అవకాశం బాగా ఉంది. అందుకు మీ తమ్ముడు కాస్త తీరిక చేసుకోవాలి.

ముందు ఈ అడ్మినిస్ట్రేటర్ సంగతి చూద్దాం. షాపులో ఆ మాట విని, కంపెనీవాళ్లు పెట్టిన రహస్య పాస్‌వర్డ్ ఏదో ఉందనుకుని ఉంటారు. అలాంటిదేమీ లేదు. కొత్త ల్యాప్‌టాప్‌లో విండోస్ మొదలుపెట్టేటప్పుడు ఎవరి పేరుతో మొదటి ఖాతా తెరిస్తే వాళ్లే దానికి అడ్మినిస్ట్రేటర్. మీ దాంట్లో అది మీ తమ్ముడు. అడ్మినిస్ట్రేటర్ అనే పేరుతోనే విండోస్‌లో ఇంకో ఖాతా లోపల ఉంటుంది కానీ, అది మామూలుగా ఆపేసి ఉంటుంది. దాని జోలికి వెళ్లే పని మీకు లేదు.

మీ అబ్బాయి ఇన్నాళ్లూ కొట్టిన పిన్ వేరు, మీ తమ్ముడి పాస్‌వర్డ్ వేరు. పిన్ ఆ ఒక్క ల్యాప్‌టాప్‌కే చెల్లుతుంది, వేరే ఎక్కడా పనికిరాదు. పాస్‌వర్డ్ మైక్రోసాఫ్ట్ ఖాతాది. దాన్ని ఏ దేశం నుంచైనా, ఏ ఫోన్ నుంచైనా మార్చుకోవచ్చు. తెర మీద మీ తమ్ముడి మెయిల్ కనిపిస్తోందని రాశారు కదా, మీ ఉత్తరంలో నాకు బాగా ధైర్యమిచ్చిన మాట అదే. మెయిల్ చూపించి మరీ పాస్‌వర్డ్ అడుగుతోందంటే అది మైక్రోసాఫ్ట్ ఖాతానే. కాబట్టి ఈ పని కోరుట్లలో షాపు బల్ల మీద అయ్యేది కాదు, దుబాయ్‌లో మీ తమ్ముడి ఫోన్‌లో అవ్వాలి.

ఇప్పుడు ఆ మెయిల్ చివర ఏముందో చూడండి. జీమెయిల్ అని ఉంటే, చిక్కు ఎక్కడుందో నాకు తెలిసినట్టే. మైక్రోసాఫ్ట్ ఖాతా తెరవడానికి జీమెయిల్ అడ్రసు కూడా ఇవ్వొచ్చు, మనవాళ్లు చాలామంది అలాగే ఇస్తారు. ఇచ్చాక, పాస్‌వర్డ్ పెట్టమని అడిగినప్పుడు ఏదో ఒకటి పెట్టి మరిచిపోతారు. తర్వాత ఎవరైనా అడిగితే జీమెయిల్ పాస్‌వర్డ్ చెబుతారు. అడ్రసు ఒకటే అయినా ఖాతాలు రెండు. ఒకటి గూగుల్‌ది, రెండోది మైక్రోసాఫ్ట్‌ది. గూగుల్ పాస్‌వర్డ్ మైక్రోసాఫ్ట్ దగ్గర కొడితే తప్పనే అంటుంది. మీ తమ్ముడు అబద్ధం చెప్పలేదు, మీ అబ్బాయి తప్పుగానూ కొట్టలేదు. ఆ పాస్‌వర్డ్ వేరే ఖాతాది, అంతే.

ఇందులో మీకు మేలు చేసే విషయం కూడా ఒకటుంది. జీమెయిల్ అడ్రసుతో ఖాతా తెరిచి ఉంటే, కోడ్‌ని పాత నంబరుకి బదులు ఆ జీమెయిల్‌కే పంపించుకునే వీలు చాలావరకు ఉంటుంది. మీ అబ్బాయి తెర మీద ముందు కనిపించిన ఫోన్ నంబరు దగ్గరే ఆగిపోయి ఉంటాడు. అక్కడే కింద వేరే దారులు చూపించమనే లింకు ఒకటి ఉంటుంది. అది నొక్కితే మెయిల్ కూడా వరుసలో కనిపించవచ్చు.

కాబట్టి సాయంత్రం మీ తమ్ముడికి ఫోన్ చేయండి. మనకు ఎనిమిదైతే అక్కడ ఆరున్నర. అక్కడ వాట్సాప్ కాల్ కలవదని మీకు తెలిసిందే, బోటిమ్ యాప్‌లోనో మామూలు ఫోన్‌లోనో మాట్లాడండి. మొహమాటపడకండి. మేనల్లుడి కోసం అంత దూరం నుంచి మోసుకొచ్చిన మనిషి, అది పనిచేయకుండా మూలన పడి ఉందని తర్వాతెప్పుడో తెలిస్తేనే ఎక్కువ బాధపడతాడు.

ఆయన తన ఫోన్‌లో బ్రౌజర్ తెరిచి, అకౌంట్ డాట్ లైవ్ డాట్ కామ్ స్లాష్ పాస్‌వర్డ్ స్లాష్ రీసెట్ అనే చోటికి వెళ్లాలి. అక్కడ ల్యాప్‌టాప్‌లో కనిపిస్తున్న మెయిల్ అడ్రసే, అక్షరం తేడా లేకుండా ఇవ్వాలి. ఆ ఖాతాకి కోడ్ ఏయే చోట్లకి పంపగలదో మైక్రోసాఫ్ట్ చూపిస్తుంది. నంబరైతే చివరి అంకెలు, మెయిలైతే మొదటి అక్షరాలు మాత్రమే కనిపిస్తాయి. చేతిలో ఉన్నదాన్ని ఎంచుకుని, కోడ్ తెప్పించుకుని, కొత్త పాస్‌వర్డ్ పెట్టుకోవాలి. దాన్ని ఆయన కాగితం మీద రాసుకుని, మీకు ఒక్కో అక్షరం విడివిడిగా చెప్పాలి. పెద్దక్షరం ఏది, చిన్నక్షరం ఏది, సున్నానా ఓ అక్షరమా, అన్నీ చెప్పించుకోండి. ఫోన్‌లో సగం తప్పులు ఇక్కడే దొర్లుతాయి.

ఆ తర్వాత ల్యాప్‌టాప్‌ని ఇంటర్నెట్‌కి కలపాలి. ఇది చాలామంది వదిలేస్తారు. పాస్‌వర్డ్ మారిన సంగతి ల్యాప్‌టాప్‌కి ఇంటర్నెట్ ఉంటేనే తెలుస్తుంది. లాక్ తెర మీద కుడివైపు కింద వైఫై బొమ్మ ఉంటుంది, అక్కడి నుంచే మీ ఫోన్ హాట్‌స్పాట్‌కి కలపండి. కలిపాక పిన్ పెట్టుకోమనే లింకు నొక్కి కొత్త పాస్‌వర్డ్ ఇస్తే, మళ్లీ ఒక కోడ్ అడగొచ్చు. అది కూడా మీ తమ్ముడికే వెళ్తుంది, అందుకని అప్పటిదాకా ఆయన్ని లైన్‌లోనే ఉంచండి. కోడ్ ఇబ్బంది పెడితే ఇంకో దారి ఉంది. సైన్-ఇన్ ఆప్షన్స్ అని ఉన్నచోట తాళంచెవి బొమ్మ కనిపిస్తే అది నొక్కి, పిన్ సంగతి పక్కనపెట్టి నేరుగా పాస్‌వర్డ్‌తోనే లోపలికి వెళ్లొచ్చు. కొన్ని కొత్త ల్యాప్‌టాప్‌లలో ఆ బొమ్మ కనిపించదు, అప్పుడు పిన్ దారే పట్టాలి.

కొత్త పాస్‌వర్డ్ కూడా తప్పంటే ఒక చిన్న పరీక్ష చేయండి. అదే పాస్‌వర్డ్‌తో మీ తమ్ముడు తన ఫోన్‌లో మైక్రోసాఫ్ట్ ఖాతాలోకి వెళ్లగలిగాడా? వెళ్లగలిగితే పాస్‌వర్డ్ సరైనదే, తేడా కీబోర్డులో ఉంది. గల్ఫ్‌లో కొన్న ల్యాప్‌టాప్ కాబట్టి ఇది మీరు తప్పక చూడాలి. వాటిలో ఇంగ్లిష్‌తో పాటు అరబిక్ కీబోర్డు కూడా పెట్టి ఉండటం మామూలే. ఆల్ట్, షిఫ్ట్ రెండూ పొరపాటున కలిపి నొక్కితే కీబోర్డు భాష మారిపోతుంది, పాస్‌వర్డ్ పెట్టెలో చుక్కలే కనిపిస్తాయి కాబట్టి మారినట్టు తెలియదు. కుడివైపు కింద భాష గుర్తు చూడండి, విండోస్ బటన్ పట్టుకుని స్పేస్ నొక్కితే మార్చుకోవచ్చు. అమెరికా ఇంగ్లిష్, బ్రిటన్ ఇంగ్లిష్ కీబోర్డులకు కూడా తేడా ఉంది. బ్రిటన్ దాంట్లో షిఫ్ట్‌తో 2 నొక్కితే మన పాస్‌వర్డ్‌లలో ఎక్కువగా వాడే 'ఎట్' గుర్తు పడదు, కొటేషన్ గుర్తు పడుతుంది. పాస్‌వర్డ్ పెట్టె చివర కన్ను బొమ్మ ఉంటుంది. అది నొక్కి పట్టుకుంటే మీరు కొట్టింది ఏమిటో కంటికి కనిపిస్తుంది. క్యాప్స్ లాక్ సంగతి చెప్పనక్కర్లేదు. అంకెల కోసం పక్కనున్న నంబర్ ప్యాడ్ వాడుతుంటే నమ్ లాక్ కూడా చూసుకోవాలి.

తప్పు పడిందని వెంటవెంటనే కొడుతూ పోవద్దు. పిన్ చాలాసార్లు తప్పయితే ఏ1బీ2సీ3 అని కొట్టమంటుంది. అది చూసి ల్యాప్‌టాప్ హ్యాక్ అయిందని టెన్షన్ పడేవాళ్లున్నారు. కీబోర్డు సరిగ్గా పడుతోందా, కొడుతున్నది మనిషేనా అని చూసుకోవడానికే అది. ఆ తర్వాతా తప్పయితే రీస్టార్ట్ చేయమంటుంది, ఇంకా కొడితే కొంతసేపు పిన్ తీసుకోవడమే మానేస్తుంది.

మీ తమ్ముడి చేతిలో ఏ దారీ లేకపోతే, అంటే మెయిల్ కూడా తెరవలేకపోతే, మైక్రోసాఫ్ట్ వాళ్ల రికవరీ ఫారం ఉంది. అకౌంట్ డాట్ లైవ్ డాట్ కామ్ స్లాష్ ఏసీఎస్ఆర్ అనే చోట దొరుకుతుంది. జవాబు పంపడానికి పనిచేసే మెయిల్ ఏదైనా ఒకటి ఇవ్వాలి, అది వేరేవాళ్లదైనా ఫర్వాలేదు. పాత పాస్‌వర్డ్‌లు, పుట్టిన తేదీ, ఖాతా తెరిచిన దేశం, ఆ మెయిల్ నుంచి ఎవరెవరికి ఉత్తరాలు పంపారు లాంటివి అడుగుతుంది. ఖాతా దుబాయ్‌లో తెరిచారు కాబట్టి దేశం దగ్గర యూఏఈ రాయాల్సి ఉంటుందేమో ఆయన గుర్తు చేసుకోవాలి. ఆయన మామూలుగా వాడే ఫోన్ నుంచి, ఉంటున్న ఊరి నుంచే నింపితే మంచిది. జవాబు సాధారణంగా ఒక రోజులో వస్తుంది. కాదన్నా ఇంకొన్ని వివరాలు గుర్తు తెచ్చుకుని మళ్లీ పంపొచ్చు. ఖాతాకి టూ-స్టెప్ వెరిఫికేషన్, అంటే పాస్‌వర్డ్‌తో పాటు ప్రతిసారీ కోడ్ కూడా అడిగే ఏర్పాటు, పెట్టి ఉంటే మాత్రం ఈ ఫారం పనిచేయదు.

పాస్‌వర్డ్ తెలిసి, కోడ్ మాత్రం పాత నంబరుకే పోతుంటే, ఆ నంబరు తీసేసి కొత్తది పెట్టమని అడగొచ్చు. ఉన్న వివరాలన్నీ ఒకేసారి మారిస్తే మైక్రోసాఫ్ట్ 30 రోజులు ఆగమంటుంది. దొంగ ఎవరైనా మారుస్తున్నాడేమోనని అసలు మనిషికి తెలిసేందుకు పెట్టిన గడువు అది. విసుగ్గానే ఉంటుంది, కానీ ఫోటోలు పోగొట్టుకోవడం కన్నా 30 రోజులు ఆగడం నయం.

ఈలోపు మీ తమ్ముడు ఇంకో పని చేయొచ్చు. ఖాతా తెరుచుకోగానే వన్‌డ్రైవ్‌లో, అంటే ఆ ఖాతాతో పాటు మైక్రోసాఫ్ట్ ఇంటర్నెట్‌లో ఇచ్చే ఫైళ్ల అరలో, ఏముందో చూడమనండి. కొత్త విండోస్ ల్యాప్‌టాప్‌లు చాలావాటిలో డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్, పిక్చర్స్ ఫోల్డర్లు వాటంతటవే వన్‌డ్రైవ్‌లోకి వెళ్లేలా పెట్టి ఉంటుంది. ఉచితంగా ఇచ్చే చోటు 5 జీబీ. అందులో పట్టినంతవరకు మీ అబ్బాయి ప్రాజెక్టు ఆయన ఖాతాలోనే, అక్కడ దుబాయ్‌లో ఆయన ఫోన్‌లోనే కనిపించవచ్చు. మీ వాడు ఎప్పుడూ తెరవకపోయినా అక్కడ ఉండొచ్చు. పరీక్షలు, గడువులు దగ్గరపడుతుంటే ముందు ఆ ఫైళ్లు పంపించుకుని పని కానివ్వండి, ల్యాప్‌టాప్ తర్వాతైనా తెరుచుకోవచ్చు.

ఇక పక్కింటి అబ్బాయి పెన్‌డ్రైవ్ సంగతి. ఆ అబ్బాయి సాయం చేద్దామనే అంటున్నాడు, కోప్పడకండి. వద్దని మాత్రం గట్టిగా చెప్పండి. ఆ వీడియోలలో చూపించే పద్ధతులు చాలావరకు పాత కంప్యూటర్లవి. విండోస్ 11 ఉన్న కొత్త ల్యాప్‌టాప్‌లో మైక్రోసాఫ్ట్ ఖాతాతో మొదటిసారి లోపలికి వెళ్లగానే డిస్కు మొత్తం ఎన్‌క్రిప్ట్ అయిపోవడం, అంటే కీ లేకుండా చదవలేని రూపంలోకి మారిపోవడం, ఇప్పుడు మామూలైంది. 2024లో వచ్చిన 24హెచ్2 వెర్షన్ నుంచి ఇది ఇంకా ఎక్కువ ల్యాప్‌టాప్‌లకి వర్తిస్తోంది. బీరువా తాళం పోతే బాగుచేసేవాణ్ని పిలిచి తెరిపించుకుంటాం, లోపలి చీరలు చీరల్లాగే ఉంటాయి. ఎన్‌క్రిప్ట్ అయిన డిస్కు అలా కాదు. దాన్ని ఊడదీసి ఇంకో కంప్యూటర్‌కి తగిలించినా అర్థంకాని అంకెల ముద్ద తప్ప ఏమీ కనిపించదు. ల్యాప్‌టాప్‌ని పెన్‌డ్రైవ్‌తో మొదలుపెట్టడానికి బయోస్‌లో, అంటే విండోస్ కన్నా ముందు నడిచే ప్రోగ్రాంలో, సెట్టింగులు మార్చారంటే, మామూలుగా తెరుచుకోవాల్సిన ల్యాప్‌టాప్ కూడా నీలం తెర పెట్టి రికవరీ కీ అడగడం మొదలుపెడుతుంది. పైగా పాస్‌వర్డ్ తీసేస్తామని నెట్‌లో ఉచితంగా దొరికే సాఫ్ట్‌వేర్లలో వైరస్‌లు బోలెడు.

ఎన్‌క్రిప్ట్ అయిన డిస్కుని తెరిచే ఆ రికవరీ కీ 48 అంకెల సంఖ్య. మీ ల్యాప్‌టాప్‌ది మీ తమ్ముడి మైక్రోసాఫ్ట్ ఖాతాలోనే దాచి ఉండాలి. ఖాతా తెరుచుకున్న వెంటనే ఆయన చేయాల్సిన పని, ఏకేఏ డాట్ ఎంఎస్ స్లాష్ మై రికవరీ కీ అనే చోటికి వెళ్లి ఆ 48 అంకెలూ కాగితం మీద రాసి, ఫోటో తీసి మీకు పంపడం. ఒకటికి మించి కీలు కనిపిస్తే అన్నీ రాయమనండి. ఒక్కోదాని పక్కన కీ ఐడీ అని ఉంటుంది, ల్యాప్‌టాప్ ఎప్పుడైనా కీ అడిగితే ఆ తెర మీద కనిపించే ఐడీతో పోల్చి చూసుకోవచ్చు. ఈ కీ పోతే మైక్రోసాఫ్ట్ వాళ్లు కూడా తెచ్చివ్వలేరు, వాళ్ల దగ్గర ఇంకో నకలు ఉండదు. అందుకే విసుగుపుట్టి ఆ ఖాతాని మూసేయడం, ఖాతాలో కనిపించే పరికరాల జాబితాలోంచి ల్యాప్‌టాప్‌ని తీసేయడం లాంటివి ఇప్పుడే చేయొద్దని ఆయనకి చెప్పండి.

కోడ్ గురించి ఒక జాగ్రత్త. మీకూ మీ తమ్ముడికీ మధ్య తప్ప ఆ కోడ్ మూడో మనిషికి తెలియకూడదు. మైక్రోసాఫ్ట్ కస్టమర్ కేర్ నంబరు అని గూగుల్‌లో వెతికి, కనిపించిన నంబరుకి ఫోన్ చేయకండి. అందులో మోసగాళ్ల నంబర్లు ఉంటాయి. మన ఫోన్‌నో కంప్యూటర్‌నో దూరం నుంచి నడిపించే ఎనీడెస్క్ లాంటి యాప్ వేసుకోమనీ, చిన్న ఫీజు కట్టమనీ అడుగుతారు, ఆ తర్వాత బ్యాంకు ఖాతా ఖాళీ అవుతుంది. పొరపాటున అలాంటిది జరిగితే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయండి, సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు అది.

ల్యాప్‌టాప్ తెరుచుకుందనుకుందాం. ఆ ఆనందంలో మూసేసి పడుకోకండి. ముందు ప్రాజెక్టు, ఫోటోలు పెన్‌డ్రైవ్‌లోకో బయటి హార్డ్ డిస్కులోకో కాపీ చేయించండి. తర్వాత మీ అబ్బాయి పేరుతో, వాడి మెయిల్‌తో, వాడి చేతిలో ఉన్న ఫోన్ నంబరుతో కొత్త ఖాతా తెరవండి. సెట్టింగ్స్‌లో అకౌంట్స్, అందులో అదర్ యూజర్స్ దగ్గర ఇది ఉంటుంది. ఖాతా తెరిచాక దాని పక్కనే ఖాతా రకం మార్చే బటన్ ఉంటుంది, అది నొక్కి అడ్మినిస్ట్రేటర్ చేయాలి. లేకపోతే వాడు ఏ సాఫ్ట్‌వేర్ వేయబోయినా మళ్లీ మామయ్య పాస్‌వర్డే అడుగుతుంది. వాడిది వాడి ఖాతాతో తెరుచుకుంటోందని, ఫైళ్లన్నీ అందులోకి వచ్చాయని చూసుకున్నాకే మీ తమ్ముడి ఖాతాని తీసేయండి. తీసేస్తే ఆ ఖాతా కింద ల్యాప్‌టాప్‌లో ఉన్న ఫైళ్లు కూడా పోతాయి, తొందరపడొద్దు.

ల్యాప్‌టాప్‌తో పాటు ఎంఎస్ ఆఫీస్ వచ్చి ఉంటే, అది కూడా మీ తమ్ముడి ఖాతాకే ముడిపడి ఉంటుంది. మొదట యాక్టివేట్ చేసిన ఖాతా నుంచి దాన్ని ఇంకో ఖాతాకి మార్చలేరు. కాబట్టి ఆయన ఖాతాని ల్యాప్‌టాప్‌లోంచి తీసేసినా, పూర్తిగా వదులుకోకుండా, కొత్త నంబరు చేర్పించి బతికించి ఉంచండి. షాపువాళ్లు ఫార్మాట్ చేసి చేతులు దులుపుకున్నా, వర్డ్, ఎక్సెల్ మళ్లీ కావాలంటే ఈ ఖాతా పాస్‌వర్డే కావాలి.

అన్ని దారులూ మూసుకుపోయి, ఫైళ్ల మీద ఆశ వదులుకుంటేనే ఫార్మాట్. దానికీ షాపు తప్పనిసరి కాదు. లాక్ తెర మీద పవర్ బొమ్మ నొక్కి, షిఫ్ట్ పట్టుకుని రీస్టార్ట్ నొక్కితే నీలం తెర వస్తుంది. ట్రబుల్‌షూట్, తర్వాత రీసెట్ దిస్ పీసీ. అక్కడ ఫైళ్లు ఉంచమంటారా, అన్నీ తీసేయమంటారా అని అడుగుతుంది. ఫైళ్లు ఉంచేది నొక్కితే పాత ఖాతా కూడా అలాగే ఉంటుంది, మీ సమస్య మళ్లీ మొదటికొస్తుంది. అన్నీ తీసేసేదే మీకు పనికొస్తుంది, అంటే నిజంగా అన్నీ పోతాయి. విండోస్‌ని ఇంటర్నెట్ నుంచి దింపుకునే క్లౌడ్ డౌన్‌లోడ్ ఎంచుకుంటే 4 జీబీ పైనే డేటా కావచ్చు, ల్యాప్‌టాప్‌లో ఉన్నదాంతోనే చేయమంటే డేటా అక్కర్లేదు. ఛార్జర్ పెట్టే ఉంచండి. విండోస్‌కి వేరే డబ్బులు అన్న మాట దగ్గర మాత్రం గట్టిగా నిలబడండి. విండోస్‌తో కొన్న ల్యాప్‌టాప్‌లో దాని లైసెన్సు మదర్‌బోర్డులోనే ఉంటుంది, అదే విండోస్ మళ్లీ వేస్తే తనంతట తానే గుర్తుపడుతుంది. పనికి కూలి ఇవ్వొచ్చు. లైసెన్సు మళ్లీ కొనాల్సిన అవసరం లేదు.

ఇదే పేజీ చదివే మిగతావాళ్ల కోసం రెండు మాటలు. కొందరి ల్యాప్‌టాప్‌లో మెయిల్ ఉండదు, ఉత్త పేరు, పాస్‌వర్డ్ ఉంటాయి. అది లోకల్ ఖాతా. పాస్‌వర్డ్ ఒకసారి తప్పు కొట్టగానే కింద రీసెట్ పాస్‌వర్డ్ అని వస్తే, అది మొదట్లో పెట్టిన మూడు ప్రశ్నలు అడుగుతుంది. పుట్టిన ఊరు, చిన్నప్పటి ముద్దుపేరు, మొదట చదివిన బడి, ఇలాంటివే ఉంటాయి. మన ఊళ్ల పేర్లు ఇంగ్లిష్‌లో ఒక్కొక్కరు ఒక్కోలా రాస్తారు. జగిత్యాల, కోరుట్ల లాంటివి రెండు మూడు స్పెల్లింగులతో కనిపిస్తాయి. అందుకని ఖాతా తెరిచిన మనిషి తన చేత్తో ఎలా రాసేవారో అలాగే కొట్టి చూడాలి. ఇంట్లో ఇంకెవరికైనా అదే ల్యాప్‌టాప్‌లో అడ్మినిస్ట్రేటర్ ఖాతా ఉంటే వాళ్లు లోకల్ ఖాతా పాస్‌వర్డ్ మార్చగలరు. అలా మార్చినప్పుడు పాత పాస్‌వర్డ్‌తో ముడిపెట్టి దాచినవి కొన్ని, ఉదాహరణకి బ్రౌజర్‌లో దాచుకున్న పాస్‌వర్డ్‌లు, పోవచ్చు.

కాలేజీ ఇచ్చిన ల్యాప్‌టాప్, ఆఫీసు ఇచ్చిన ల్యాప్‌టాప్ అయితే ఏదీ ముట్టుకోకుండా వాళ్ల ఐటీ విభాగానికే చెప్పండి, రికవరీ కీ వాళ్ల దగ్గరే ఉంటుంది. విండోస్ రాకముందే, కంపెనీ గుర్తు కనిపించే నల్ల తెర మీద పాస్‌వర్డ్ అడిగితే అది బయోస్ పాస్‌వర్డ్. పాత కంప్యూటర్లలోలాగా లోపలి చిన్న బ్యాటరీ తీసిపెడితే పోయేది కాదు, కొత్త ల్యాప్‌టాప్ విప్పి పాడుచేసుకోవద్దు. కొన్న బిల్లు పట్టుకుని ఆ కంపెనీ సర్వీసు సెంటర్‌కే వెళ్లాలి. మీ తమ్ముణ్ని దుబాయ్ బిల్లు కూడా ఫోటో తీసి పంపమనండి, ఇప్పుడు కాకపోయినా ఇలాంటి అవసరం వస్తే అదే ఆధారం.

మీ తమ్ముడు రీసెట్ పేజీ తెరిచాక అక్కడ ఏ మెయిల్, ఏ నంబరు చూపించిందో చూసి, దారి దొరక్కపోతే మళ్లీ రాయండి. తెర ఫోటో జతచేస్తే ఇంకా మేలు. పాస్‌వర్డ్, కోడ్, ఆ 48 అంకెలు మాత్రం నాకు కూడా పంపకండి.